ఉబుంటు 20.04తో నడిచే కాంటా కంప్యూటర్: అప్‌డేట్ చేయాలా, ఉన్నది ఉన్నట్టు వదిలేయాలా?

కాంటా గుమాస్తా (మిర్యాలగూడ) · 14 సెప్టెంబరు 2025

అందరికీ నమస్తే. రైసు మిల్లులో పద్దులు చూస్తాను. వేబ్రిడ్జి గదిలో ఉన్న కంప్యూటర్ కూడా నా నెత్తి మీదే. 2020 చివర్లో మా అక్క కొడుకు దాంట్లో ఉబుంటు 20.04 అనే లినక్స్ ఎక్కించి, కాంటా డబ్బా నుంచి బరువు చదివి చీటీ కొట్టే చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసిచ్చాడు. వాడిప్పుడు దేశంలో లేడు. ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి.

నిరుడు యాసంగి వడ్లు వచ్చే టైంలో అప్‌డేట్ పెట్టాను. సగంలో కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర, తెల్ల అక్షరాలు, చివర్న 'కెర్నల్ పానిక్' అని. కెర్నల్ అంటే వ్యవస్థకు గుండెకాయ లాంటి ప్రోగ్రామట, అది లేవలేక చేతులెత్తేసిందన్నమాట. బయట ఎనిమిది లారీలు. ఆ రోజంతా చీటీలు చేత్తో రాశాను, సేఠు తిట్లు వేరే. రాత్రి మేనల్లుడు ఫోన్లో చెప్పాడు: ఆన్ చేసేటప్పుడు షిఫ్ట్ పట్టుకో, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి పోయి కింద ఉన్న పాత కెర్నల్ ఎంచుకో అని. నడిచింది. అప్పటి నుంచి ఏడాదిన్నరగా రోజూ పొద్దున అదే పని. షిఫ్ట్ పట్టుకోవడం, కిందికి రెండుసార్లు నొక్కడం, ఎంటర్. అప్‌డేట్లు ఆపేశాను.

ఇప్పుడు 20.04కి సపోర్ట్ అయిపోయిందని పెట్టె వస్తోంది. వానాకాలం వడ్లు రావడానికి ఇంకా నెల పైన ఉంది. కదిలించాలా, వద్దా?

స్టూడియో మామ (వనపర్తి) · 14 సెప్టెంబరు

వద్దు. నడిచే మోటరును విప్పొద్దు.

నాది ఫోటో స్టూడియో. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంది. ఒకసారి పెళ్లిళ్ల సీజన్లో కెర్నల్ అప్‌డేట్ అయ్యింది, కార్డు డ్రైవర్ ఎగిరిపోయింది, తెర మీద అన్నీ ఇటుకలంత పెద్దగా కనపడ్డాయి. రెండు ఆల్బమ్‌లు ఆలస్యం. ఆ రోజే నెట్ వైరు పీకేశాను, మూడేళ్లయింది, ఏ పరేషానూ లేదు.

దేవరకొండ దూరంగా · 14 సెప్టెంబరు

అన్నా, మీ పోస్టు చదివి ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను. ఏడాదిన్నరగా రోజూ పాత కెర్నల్ ఎంచుకుంటున్నారా! అంటే ఆ రోజు సగంలో ఆగిన పని ఇప్పటికీ సగంలోనే ఉంది. ముందు దాని సంగతి చూడాలి. 20.04 మాట తర్వాత.

నేను హైదరాబాదులో సర్వర్లు చూసే ఉద్యోగం చేస్తాను, రోజూ ఇదే గొడవ. కెర్నల్ అప్‌డేట్ అంటే మూడు పనులు. కొత్త కెర్నల్ ఫైలు బూట్ విభాగంలోకి రావడం ఒకటి. దానికి తోడుగా ఇనిట్‌ఆర్‌డీ అనే ఇంకో ఫైలు మీ కంప్యూటర్‌లోనే తయారు కావడం రెండోది. ఆన్ చేసినప్పుడు వచ్చే మెనూలో వీటి పేర్లు ఎక్కడం మూడోది. రెండోదే పెద్ద పని. హార్డ్ డిస్కును గుర్తుపట్టే డ్రైవర్లు, తాళాలు అన్నీ మూటగట్టేది అక్కడే. కెర్నల్ వచ్చి, ఈ మూట తయారు కాకుండా ఆగిపోతే, ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాక జేబులో తాళంచెవి లేనట్టు ఉంటుంది. 'అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్' అని పానిక్ వచ్చేది అందుకే. ఆ తెర మీద ఈ మాట ఉందా?

టెర్మినల్ తెరిచి ఇవి కొట్టి, ఏం వచ్చిందో పెట్టండి. ఈ వేదికలో అన్నీ తెలుగు లిపిలోనే రాయాలి కాబట్టి పలికినట్టు రాస్తున్నా, మీరు ఇంగ్లీషులో కొట్టుకోండి.

యునేమ్ -ఆర్
డీఎఫ్ -హెచ్ /బూట్
ఎల్ఎస్ -ఎల్‌హెచ్ /బూట్

దేనినీ తీసేయకండి. ముఖ్యంగా ఇప్పుడు మీరు నడుపుతున్న పాత కెర్నల్‌ను.

ఆర్చ్ పిలగాడు (నాగర్‌కర్నూల్) · 14 సెప్టెంబరు

20.04 ఏంది అన్నా, మ్యూజియంలో పెట్టేది. నేను రోజూ పొద్దున చాయ్ కంటే ముందు అప్‌డేట్ చేస్తా. ఆర్చ్ అనే లినక్స్‌కి రండి, వెర్షన్ల గోలే ఉండదు.

దేవరకొండ దూరంగా · 14 సెప్టెంబరు

తమ్మీ, నీ ల్యాప్‌టాప్ పోతే నీకు ఒక సాయంత్రం పోతుంది. ఆయనకు ఎనిమిది లారీలు ఆగుతాయి.

కొత్తది ముందే తీసుకోవడంలో ఉన్న ప్రమాదం గురించి ఒక్కటి చెప్తా. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ గొడవ బయటపడింది. కుదింపు పని చేసే చిన్న లైబ్రరీ అది, దాదాపు ప్రతి లినక్స్‌లో ఉంటుంది. రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసి నిర్వహణ చేతికి తెచ్చుకున్న ఒక మారుపేరు మనిషి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. ఆయన సెక్యూరిటీ మనిషి కూడా కాదు, డేటాబేస్ మీద పనిచేస్తాడు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి ఇంకో కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని తవ్వుకుంటూ పోతే ఇది దొరికింది. అప్పటికి ఆ వెర్షన్లు చేరింది డెబియన్ అన్‌స్టేబుల్, ఫెడోరా పరీక్ష విడుదలల్లాంటి వాటికే. ఆర్చ్‌లోకి కూడా ఆ ప్యాకేజీ వచ్చింది, అయితే అక్కడ ఎస్ఎస్‌హెచ్ దానికి నేరుగా తగలదు కాబట్టి ఆ దారి పనిచేయలేదు. డెబియన్ స్టేబుల్, ఉబుంటు ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి సపోర్ట్ ఉండే విడుదల) వాళ్ల దాకా రానేలేదు.

ఆర్చ్ చెడ్డదని కాదు. ఒక్క ప్యాకేజీ కోసం జాబితా మాత్రం తాజాచేసి, మిగతా వ్యవస్థను పాతగా ఉంచే అలవాటు మాత్రం పెట్టుకోకు. అక్కడ సగం అప్‌డేట్ అన్నది లేదు, చేస్తే మొత్తం చేయాలి.

ఆర్చ్ పిలగాడు · 14 సెప్టెంబరు

అది ఒకసారి చేశా 😅 ప్యాకేజీలు ఎక్కించే ప్యాక్‌మన్‌కే ఒక లైబ్రరీ దొరకలేదు. పెన్‌డ్రైవ్ పెట్టి బాగుచేసుకున్నా.

స్టూడియో మామ · 14 సెప్టెంబరు

కథ బాగుంది. నా ప్రశ్నకు జవాబు చెప్పు. నెట్ వైరే లేని కంప్యూటర్‌కు అప్‌డేట్ ఎందుకు?

దేవరకొండ దూరంగా · 15 సెప్టెంబరు

మామా, నిజం చెప్పాలంటే మీ విషయంలో నాకు పెద్ద తగాదా లేదు. నెట్ లేదు, ఒక్కరే వాడతారు, ఒకే పని. పెళ్లివాళ్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు తప్ప బయటిది ఏదీ లోపలికి రాదు. అలాంటి పెట్టెను అలా ఉంచేవాళ్లు ఫ్యాక్టరీల్లో చాలామంది ఉన్నారు. ఎప్పుడో ఒక రోజు వైరు తగిలించాల్సి వస్తుంది, ఆ రోజు మాత్రం జాగ్రత్త.

అసలు తేడా ఎక్కడంటే, గుమాస్తా అన్న ఆ కంప్యూటర్లో బ్రౌజర్ తెరుస్తాడా లేదా అన్నది.

కాంటా గుమాస్తా · 15 సెప్టెంబరు

తెరుస్తాను. ఈవే బిల్లులు దాంట్లోనే. బ్యాంకు కూడా దాంట్లోనే. వేరే కంప్యూటర్ లేదు.

దేవరకొండ దూరంగా · 15 సెప్టెంబరు

అయితే వదిలేయడం కుదరదు అన్నా.

కెర్నల్‌లో, దాని చుట్టూ ఉండే ముఖ్యమైన ప్రోగ్రాముల్లో దొరికే లోపాలు చాలావరకు బయటి మనిషిని నేరుగా లోపలికి రానిచ్చేవి కావు. ఎలాగోలా లోపలికొచ్చిన చిన్న ప్రోగ్రాంకు యజమాని అధికారం ఇచ్చేసేవి. 2022లో వచ్చిన డర్టీ పైప్ అలాంటిదే, 5.8 నుంచి కెర్నల్‌లో ఉంది. అదే ఏడాది జనవరిలో బయటపడ్డ పీకేఎగ్జెక్ (యజమాని అధికారం ఇచ్చే ప్రోగ్రాం) లోపం 2009 నుంచి దాదాపు అన్ని లినక్స్ కంప్యూటర్లలో కూర్చుని ఉంది. పన్నెండేళ్లు! ఈ జూన్లో, యజమాని అధికారంతో ఆదేశాలు నడిపించే సుడోలోనే ఒకటి దొరికింది. ఒక్కటే ఉంటే ఏమీ కాదు. పాత బ్రౌజర్‌లో ఒక కంత, పాత కెర్నల్‌లో ఒక కంత, రెండూ ఒకే ఇంట్లో కలిస్తే కష్టం. మీ ఇంట్లో రెండూ ఏడాదిన్నర పాతవి.

మూడు ఆదేశాల ఫలితం పెట్టండి.

కాంటా గుమాస్తా · 15 సెప్టెంబరు, రాత్రి

మిల్లు కట్టాక కూర్చున్నా. ఇదీ సంగతి.

నడుస్తున్నది 5.15.0-100. /బూట్ సైజు 488 ఎంబీ, 91 శాతం నిండింది. దాంట్లో కెర్నళ్లు నాలుగున్నాయి. చివరి అంకెలు 94, 97, 100, 101. ఇనిట్‌ఆర్‌డీ ఫైళ్లు మాత్రం మూడే. ఒక్కొక్కటి 110 ఎంబీ పైన. 101కి లేదు.

అవును, ఆ రోజు తెర మీద 'అనేబుల్ టు మౌంట్' అని ఉంది. ఫోన్లో ఫోటో ఇంకా ఉంది.

పాలమూరు ల్యాబ్ · 15 సెప్టెంబరు

నేను మహబూబ్‌నగర్ దగ్గర బడిలో కంప్యూటర్ ల్యాబ్ చూస్తాను, మాకు ఇదే జరిగింది. అన్నయ్యా, ఒకటి అడగనా? 488లో 91 శాతం నిండితే మిగిలేది నలభై, యాభై ఎంబీ. నాలుగో మూటకు చోటే లేదు కదా. మరి కరెంటు పోకపోయినా అది తయారయ్యేదా?

దేవరకొండ దూరంగా · 15 సెప్టెంబరు

మేడం పట్టేశారు. నేను కూడా కరెంటే అనుకుంటూ వచ్చాను.

అన్నా, /వార్/లాగ్/ఆప్ట్ ఫోల్డర్‌లో టర్మ్ డాట్ లాగ్ అని ఉంటుంది. పాతవి చివర అంకె, జీజెడ్ తోకతో ఉంటాయి, వాటిని జెడ్‌లెస్‌తో తెరవండి. అప్‌డేట్లు ఆపేశారు కాబట్టి ఆ రోజు రాత ఇంకా ఉండాలి. చివరి పేజీలో ఏముంది?

కాంటా గుమాస్తా · 16 సెప్టెంబరు, పొద్దున 7:10

దొరికింది. చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

'అప్‌డేట్-ఇనిట్రామ్‌ఎఫ్ఎస్: జనరేటింగ్' అని 101 పేరు ఉంది. దాని కిందే 'ఎర్రర్ 24: రైట్ ఎర్రర్: కెనాట్ రైట్ కంప్రెస్డ్ బ్లాక్'. ఆ కింద 'ఫెయిల్డ్'. ఆ తర్వాత పని ముగిసినట్టు టైం కూడా పడింది, మధ్యాహ్నం 12:04. కరెంటు పోయింది ఒంటిగంటకు, నాకు బాగా గుర్తు, అన్నం డబ్బా తెరిచినప్పుడు. అంటే కరెంటు పోవడానికి గంట ముందే అది చెడిపోయింది. నేను తెర వైపు చూడలేదు. కరెంటు వల్ల జరిగింది ఒక్కటే, కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవడం.

ఏడాదిన్నర నుంచి కరెంటోళ్లను ఊరికే తిట్టుకున్నా.

స్టూడియో మామ · 16 సెప్టెంబరు

😂😂 వాళ్లను తిట్టడానికి వేరే కారణాలున్నాయి, ఆ ఖాతాలో వేసుకో.

దేవరకొండ దూరంగా · 16 సెప్టెంబరు

బూట్ విభాగం విడిగా, చిన్నగా పెట్టడం అప్పట్లో చాలామంది చేశారు. మీ మేనల్లుడి తప్పేం లేదు. అప్పట్లో 488 సరిపోయింది, రానురాను మూటలే లావెక్కాయి.

ఇప్పుడు చోటు చేద్దాం. ఫైల్ మేనేజర్‌తో గానీ ఆర్ఎంతో గానీ /బూట్‌లోని ఫైళ్లు చెరపొద్దు. చెరిపితే ఫైలు పోతుంది గానీ, ఆ ప్యాకేజీ ఉందనే వ్యవస్థ నమ్ముతుంది. తర్వాత ప్రతి అప్‌డేట్‌లో అదే లేని కెర్నల్‌కు మూట కట్టబోతుంది. మామూలుగా అయితే అక్కర్లేని పాత ప్యాకేజీలను తీసేసే ఆప్ట్ ఆటోరిమూవ్ ఆదేశం ఒక్కటి చాలు. కానీ మీ దగ్గర 101 సగంలో ఇరుక్కుంది కాబట్టి ఆప్ట్ మొరాయిస్తుంది. అందుకే ఒక మెట్టు కిందికి దిగి డీపీకేజీతో చేయాలి.

సుడో డీపీకేజీ --పర్జ్ అని కొట్టి, ఒకే వరుసలో రెండు పేర్లు ఇవ్వండి: లినక్స్-ఇమేజ్-5.15.0-94-జెనెరిక్, లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా-5.15.0-94-జెనెరిక్. రెండోది మొదటిదాని మీద ఆధారపడి ఉంటుంది, విడిగా తీస్తే ఒప్పుకోదు. అంకె 94 అని రెండుసార్లు చూసుకుని ఎంటర్ కొట్టండి. 100 జోలికి పోవద్దు.

ఆ తర్వాత సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ. ఏడాదిన్నర కిందట ఆగిన పని అక్కడి నుంచి మొదలవుతుంది. ఈసారి తెర వైపు చూస్తూ కూర్చోండి.

కాంటా గుమాస్తా · 16 సెప్టెంబరు, రాత్రి 9:30

అయిపోయింది. 'జనరేటింగ్' అని వచ్చాక రెండు నిమిషాలు ఏమీ కదల్లేదు, చేతికి చెమట పట్టింది. తర్వాత మెనూలో పేర్లు ఎక్కినట్టు వరుసగా వచ్చాయి. రీబూట్ చేశా. అలవాటు కొద్దీ వేలు షిఫ్ట్ మీదికి పోయింది, వెనక్కి తీసుకున్నా. 101తో లేచింది.

ఆ ఊపులో ఆప్ట్ అప్‌డేట్, ఆప్ట్ అప్‌గ్రేడ్ చేశా. 740 ఎంబీ దిగాయి. కొన్ని ప్యాకేజీలు 'కెప్ట్ బ్యాక్' అంది. అదేమన్నా జబ్బా?

పాలమూరు ల్యాబ్ · 17 సెప్టెంబరు

జబ్బు కాదు అన్నయ్యా. అప్‌గ్రేడ్ అనేది ఉన్నదాన్ని ఏదీ తీసేయదు. ఏదైనా ప్యాకేజీ కొత్తది కావాలంటే పాతదొకటి తీసేయాల్సి వస్తే, దాన్ని అలా పక్కన పెడుతుంది. ఫుల్-అప్‌గ్రేడ్ అంటే చేస్తుంది, కానీ ఏం తీసేస్తానంటుందో ఆ జాబితా చదివాకే వై కొట్టాలి. ఇంకో కారణం కూడా ఉంది. ఉబుంటు వాళ్లు కొన్ని అప్‌డేట్లను అందరికీ ఒకేసారి పంపరు, కొద్దికొద్దిమందికి వదులుతారు. 22.04కి వెళ్లాక అది ఎక్కువగా కనపడుతుంది. అప్పుడు ఊరుకోవడమే మందు, రెండు మూడు రోజుల్లో అదే వస్తుంది.

డేటా సంగతి చెప్తా. మా ల్యాబులో పద్నాలుగు కంప్యూటర్లు, నెట్ మాత్రం ఫోన్ హాట్‌స్పాట్. అందరికీ విడివిడిగా దింపితే నెల డేటా ఒక్క పూటలో పోయేది. ఒక కంప్యూటర్లో ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ పెట్టాను. మొదటి కంప్యూటర్ దింపుకున్న ప్యాకేజీని అది దాచి ఉంచుతుంది, మిగతా పదమూడూ 3142 పోర్టులో దాన్నే అడుగుతాయి. పిల్లలు దానికి రేషన్ షాపు అని పేరు పెట్టారు. ఒకటో తారీఖు వచ్చిందంటే "మేడం, రేషన్ వచ్చిందా" అని అడుగుతారు.

కాంటా గుమాస్తా · 17 సెప్టెంబరు

మేడం, మీరు మా మిల్లుకొచ్చి మా సేఠుకు కూడా ఇలా చెప్పాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. 20.04లోనే ఉండాలా, పైకి పోవాలా?

దేవరకొండ దూరంగా · 18 సెప్టెంబరు

రెండు దారులున్నాయి. 20.04 మామూలు సపోర్ట్ మే 31తో అయిపోయింది. ఉబుంటు ప్రోలో పేరు నమోదు చేసుకుంటే సొంత వాడకానికి ఐదు కంప్యూటర్ల దాకా ఉచితం, సెక్యూరిటీ దిద్దుబాట్లు 2030 దాకా వస్తాయి. సీజన్ నెత్తి మీద ఉంటే నేను ఇదే చేయమనేవాణ్ని. మిల్లు అంటే సొంత వాడకం కింద వస్తుందా రాదా అన్నది మాత్రం వాళ్ల షరతుల్లో ఒకసారి చదువుకోండి.

రెండోది 22.04కి వెళ్లడం. నేరుగా 24.04కి దూకలేరు, మెట్టు మెట్టుగానే. 22.04కి 2027 దాకా ఉంది, మీకు ప్రస్తుతం అది చాలు.

నా ఓటు రెండోదానికి, ఎందుకంటే మీకు ఖాళీ ఉంది. కానీ ఒక షరతు. ముందు క్లోన్‌జిల్లా పెన్‌డ్రైవ్‌తో మొత్తం డిస్కును ఇంకో డిస్కు మీదికి అచ్చు దించండి. డిస్కు మీ పాతదానికి సమానం గానీ పెద్దది గానీ ఉండాలి. ఏదైనా తేడా వస్తే పాత డిస్కు పీకి కాపీ డిస్కు తగిలిస్తే పది నిమిషాల్లో లారీ కాంటా ఎక్కుతుంది. టైమ్‌షిఫ్ట్ కూడా మంచిదే గానీ, దాని పని వ్యవస్థ ఫైళ్లను వెనక్కి తేవడం. మీ చీటీల ఫోల్డర్ హోమ్‌లో ఉంటే మామూలుగా దాన్ని ముట్టుకోదు. మిల్లు ఎప్పుడు బంద్ ఉంటుంది?

కాంటా గుమాస్తా · 18 సెప్టెంబరు

దసరా ఒక్కరోజే. అక్టోబరు 2.

స్టూడియో మామ · 18 సెప్టెంబరు

ఆయుధపూజ నాడు ఆయుధం విప్పుతావా! కానియ్. 22.04 పేరు ఏదో జమ్మీ కదా, జమ్మి చెట్టు దగ్గరికి పోయినట్టే.

దేవరకొండ దూరంగా · 18 సెప్టెంబరు

జమ్మీ జెల్లీఫిష్ 😄 ముహూర్తం మామే పెట్టాడు.

అన్నా, ఆ రోజుకు యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో ముందే చూసుకోండి. గంటన్నర నుంచి రెండు గంటల పని. మధ్యలో పాత సెట్టింగ్ ఫైలు ఉంచాలా, కొత్తది తేవాలా అని అడుగుతుంది. మీరు మార్చిన గుర్తు లేకపోతే కొత్తదే తీసుకోండి. ఫైర్‌ఫాక్స్ స్నాప్ (కావలసినవన్నీ ఒకే మూటగా వచ్చే ప్యాకేజీ) రూపంలోకి మారుతుంది, మొదటిసారి తెరుచుకోవడానికి తీరిగ్గా టైం తీసుకుంటుంది, కంగారు పడొద్దు. బూట్‌లో చోటు చాలకపోతే మొదలుపెట్టకుండానే ఆగి చెప్తుంది కాబట్టి ముందు రోజు ఆటోరిమూవ్ చేసి, రెండే కెర్నళ్లు ఉంచండి. రెండు అంటే రెండు, ఒకటి కాదు.

కాంటా గుమాస్తా · 2 అక్టోబరు, మధ్యాహ్నం 3:20

దసరా శుభాకాంక్షలు. పొద్దున పూజలో సీపీయూకు పసుపు, కుంకుమ పెట్టి నిమ్మకాయ కోశారు. నేను తొమ్మిదింటికి డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ కొట్టా. ముందు రోజు రాత్రే కాపీ డిస్కు తయారుచేసి, తగిలించి ఆన్ చేసి మరీ చూసుకున్నా.

పదకొండున్నరకు కొత్త తెర వచ్చింది, జెల్లీ చేప బొమ్మతో. కరెంటు ఒక్కసారి పోయింది, యూపీఎస్ ఆగింది.

కానీ కాంటా చదవడం లేదు. ప్రోగ్రాం తెరవగానే 'నో మాడ్యూల్ నేమ్డ్ సీరియల్' అంటోంది.

ఆర్చ్ పిలగాడు · 2 అక్టోబరు, 3:31

అన్నా ఇది నాకు తెలుసు! 20.04లో పైథాన్ 3.8, 22.04లో 3.10. మీ మేనల్లుడు పిప్‌తో (పైథాన్ సొంత ఇన్‌స్టాలర్) ఎక్కించిన పైసీరియల్, అంటే సీరియల్ వైరును చదివే లైబ్రరీ, 3.8 ఫోల్డర్‌లో ఉండిపోయింది, కొత్త పైథాన్ అటు చూడదు. పిప్ వద్దు, సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-సీరియల్ కొట్టండి. అప్పుడు ఇక ముందు వ్యవస్థతో పాటే అదీ అప్‌డేట్ అవుతుంది.

కాంటా గుమాస్తా · 2 అక్టోబరు, 3:45

ఆ మాట పోయింది తమ్మీ, సంతోషం. ఇప్పుడు కొత్త మాట. టీటీవైయూఎస్‌బీ0 లేదంటోంది, కాంటా వైరుకు లినక్స్ పెట్టే పేరట అది. కేబుల్ పీకి పెట్టినా అంతే. కాంటా డబ్బా నుంచి వచ్చేది నీలం రంగు యూఎస్‌బీ సీరియల్ వైరు, మార్కెట్లో కొన్నది. కాపీ డిస్కు తగిలించి చూశా, దాంతో బరువు వస్తోంది. అంటే వైరు మంచిదే.

దేవరకొండ దూరంగా · 2 అక్టోబరు, 4:10

కాపీ డిస్కుతో సరిచూడటం మంచి పని చేశారు, సగం అనుమానాలు పోయాయి. వైరు పీకి మళ్లీ పెట్టి, వెంటనే సుడో డీమెసేజ్ (డీ, ఎం, ఈ, ఎస్, జీ అక్షరాలు) కొట్టండి, కెర్నల్ రాసుకునే డైరీ అది. ఇప్పుడు దానికి ముందు సుడో కావాలి, 20.04లో అక్కర్లేదు. చివరి పది వరుసలు చెప్పండి. వాటిలో సీహెచ్341 (ఇలాంటి వైర్లలోని చిప్ డ్రైవర్) అని, బీఆర్ఎల్‌టీటీవై అని కనపడుతున్నాయా?

కాంటా గుమాస్తా · 2 అక్టోబరు, 4:16

రెండూ ఉన్నాయి. సీహెచ్341 వచ్చి టీటీవైయూఎస్‌బీ0కి తగులుకున్నట్టు ఒక వరుస. దాని వెంటనే బీఆర్ఎల్‌టీటీవై ఏదో కాన్ఫిగ్ పెట్టిందని, ఆ కింద 'డిస్‌కనెక్టెడ్' అని. ఈ బీఆర్ఎల్‌టీటీవై ఎవరు? నేనైతే పిలవలేదు.

దేవరకొండ దూరంగా · 2 అక్టోబరు, 4:22

దొంగ కాదు, చూపు లేనివాళ్లు వాడే బ్రెయిలీ తెరలను నడిపే ప్రోగ్రాం. ఉబుంటు డెస్క్‌టాప్‌తో పాటే వస్తుంది. కొన్ని బ్రెయిలీ పరికరాల్లో కూడా మీ వైరులో ఉన్న చిప్పే ఉంటుంది, గుర్తింపు నంబరు ఒకటే. 22.04లో వచ్చిన వెర్షన్ ఆ నంబరు చూడగానే 'ఇది నాదే' అని లాక్కుంటుంది. ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు వాడే పిల్లలు చాలామంది 2022లో దీంతోనే తిప్పలు పడ్డారు.

మీ మిల్లులో బ్రెయిలీ తెర వాడేవాళ్లు లేకపోతే సుడో ఆప్ట్ రిమూవ్ బీఆర్ఎల్‌టీటీవై. తర్వాత వైరు పీకి పెట్టండి. ఉన్నట్లయితే తీయకూడదు, ఒక్క నంబరును మాత్రం ఆపే పద్ధతి వేరే ఉంది.

కాంటా గుమాస్తా · 2 అక్టోబరు, 5:05

వచ్చింది! కాంటా మీద మనుషులం నలుగురం నిలబడ్డాం, 260 కిలోలు చూపించింది. చీటీ కూడా పడింది. వాచ్‌మన్ ఆ చీటీ జేబులో పెట్టుకుని పోయాడు.

సాయంత్రం జమ్మి ఆకు ఇవ్వడానికి సేఠు వచ్చాడు. "పొద్దుటి నుంచి కూర్చున్నవంట, ఏం మార్చినవ్?" అన్నాడు. చేప బొమ్మ తప్ప చూపించడానికి ఏమీ లేదు. "షిఫ్ట్ నొక్కే పని లేదు సేఠ్" అన్నా. ఆయనకు అసలు నేను రోజూ షిఫ్ట్ నొక్కుతున్నానన్న సంగతే తెలియదు.

స్టూడియో మామ · 2 అక్టోబరు, రాత్రి

మంచిగైంది తమ్మీ, అలయ్ బలయ్.

నాది మాత్రం వైరు పీకే ఉంటుంది. కానీ ఊరికే చూద్దామని డీఎఫ్ -హెచ్ /బూట్ కొట్టా. 96 శాతం అంటోంది. నెట్ లేకుండా ఆటోరిమూవ్ నడుస్తుందా?

పాలమూరు ల్యాబ్ · 3 అక్టోబరు

నడుస్తుంది మామయ్యా, తీసేయడానికి నెట్ అక్కర్లేదు. ముందు యునేమ్ -ఆర్ కొట్టి మీరు ఏ కెర్నల్ మీద ఉన్నారో కాగితం మీద రాసుకోండి. ఎన్విడియా డ్రైవర్ ఆ కెర్నల్‌కే కట్టి ఉంటుంది, ఆటోరిమూవ్ తీసేస్తానన్న జాబితాలో ఆ అంకె గానీ ఎన్విడియా పేరు గానీ కనపడితే ఎన్ కొట్టి, జాబితా ఇక్కడ పెట్టండి.